ఆట ఆడితేనే పైసలు.. ఆడని నాళ్లకు దిక్కేది?

షరతులు లేని నిధి కోసం జానపద కళా బృందాల నిరీక్షణ

మల్లాపూర్ (జగిత్యాల జిల్లా): వానాకాలం ముసురుకు డోలు చర్మం వదులవుతుంది. ఒక్కోసారి అంచున చిరుగుతుంది. దానిని మార్పించడానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు ఏ పథకంలోనూ సూటిగా సమాధానం దొరకదు. ఉత్సవానికి నిధులున్నాయి. సదస్సుకు నిధులున్నాయి. భవనం కట్టుకుంటామంటే అందుకూ ఓ పథకం ఉంది. కానీ ఆటకూ ఆటకూ మధ్య గడిచే నెలల్లో ఒక చిన్న కళా బృందం చెదరకుండా నిలబడటానికి కావలసిన నాలుగు రూకలు ఏ పద్దు కిందా రావు. ఒగ్గు కథ, చిందు యక్షగానం, పటం కథ వంటి కళలు పల్లెల్లో పలుచబడటానికి సినిమాలు, టీవీలు, సెల్‌ఫోన్లు కారణమని చెప్పుకోవడం పరిపాటి. అది కొంతవరకే నిజం. డబ్బు ఎంత వస్తోందన్న దానితో పాటు, ఏ షరతుతో వస్తోందన్నది కూడా ఈ కళల ఆయుష్షును నిర్ణయిస్తోంది.

సర్పంచులకు తెలిసిన మాటే..

ఈ సంగతి గ్రామ పంచాయతీ వ్యవహారాలు తెలిసిన వారికి తేలికగా బోధపడుతుంది. పంచాయతీలకు వచ్చే కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్లో 'టైడ్', 'అన్‌టైడ్' అని రెండు రకాలుంటాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 60 శాతం నిధులను తాగునీరు, పారిశుద్ధ్యం వంటి పనులకే ముడివేసింది. మిగిలిన 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వెసులుబాటు కల్పించింది. మొదటిది కట్టేసిన నిధి, రెండవది కట్టు విప్పిన నిధి. వీధి దీపం కాలిపోయినా, కల్వర్టు కుంగినా రెండో పద్దే ఆదుకుంటుందని సర్పంచుగా పని చేసిన వారందరికీ అనుభవమే.

కళా సంస్థల విషయంలోనూ ఇదే విభజన ఉంది. ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా ప్రదర్శన జరపండి, బిల్లులు చూపండి అని ఇచ్చేది కట్టేసిన నిధి. మీ సంస్థ మంచి పని చేస్తోంది, ఈ మొత్తం తీసుకుని మీ అవసరాన్ని బట్టి వాడుకోండి, ఏడాది చివర లెక్క చెప్పండి అని ఇచ్చేది షరతులు లేని నిధి. ఇందులో లెక్క ఉండదని కాదు. ఖర్చు ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం దాత చేతిలో కాక బృందం చేతిలో ఉంటుంది. తేడా అంతే. కానీ ఆ ఒక్క తేడా మీదనే ఒక బృందం పదేళ్ల పాటు నిలవడమో, రెండేళ్లలో చెదిరిపోవడమో ఆధారపడి ఉంటుంది.

మిరాశీ.. నాటి షరతుల్లేని నిధి

ఇదేదో విదేశాల నుంచి దిగుమతి అయిన ఆలోచన అనుకుంటే పొరపాటు. తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా నడిచిన మిరాశీ పద్ధతి అచ్చంగా ఇదే. కులానికో కథ, కథకో ఆశ్రిత బృందం ఉండేది. గొల్ల కురుమలకు ఒగ్గు వారు మల్లన్న, బీరప్ప కథలు చెప్పేవారు. మాదిగలకు చిందు వారు జాంబ పురాణం ఆడేవారు. పద్మశాలీలకు కూనపులి వారు మార్కండేయ పురాణం వినిపించేవారు, సాధనాశూరులు విద్యలు ప్రదర్శించేవారు. ముదిరాజులకు కాకిపడగల వారు పటం విప్పి పాండవుల కథ చెప్పేవారు. ఏ బృందం ఏ ఊళ్లకు వెళ్లాలన్నది కూడా ముందే పంచుకుని ఉండేది. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టే ఊళ్లు పంచుకునేవారు. ఆడపిల్ల పెళ్లికి కట్నంగా ఊళ్లను రాసిచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. హక్కుకు సాక్ష్యంగా రాగి శాసనాలు చూపే కుటుంబాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

బృందం ఊరికి వస్తే పోషక కులం పెద్దలు బస చూపేవారు. ధాన్యం, బట్టలు, కొంత నగదు ఇచ్చేవారు. దీనికి 'త్యాగం' అని పేరు. ఆ ధాన్యంలో ఎంత తిన్నారు, ఎంత అమ్ముకున్నారు, గజ్జెలు కొన్నారా, పిల్ల పెళ్లి చేశారా అని అడిగిన వారు లేరు. ఆ గింజలతోనే వానాకాలం గడిచేది. నడుం వంగిన ముసలి కథకుడు బతికేవాడు. గొంతు ఇంకా కుదరని పిల్లవాడు తాళం పట్టుకుని వెనుక నిలబడి నేర్చుకునేవాడు. చిరిగిన డోలు బాగుపడేది. నేటి భాషలో చెప్పాలంటే జీతాలు, శిక్షణ, నిర్వహణ, అత్యవసర నిధి.. అన్నీ ఒకే మూటలో వచ్చేవి.

కాగితం లేకపోయినా లెక్క మాత్రం ఉండేది. కథ తప్పు చెప్పినా, గోత్రాలు మరిచినా, ఆట పలచగా ఆడినా కుల పెద్దలు ముఖం మీదే అడిగేవారు. మరుసటి ఏడు త్యాగం తగ్గేది. చూసిన వారే దాతలు కాబట్టి ఫొటోలు, నివేదికల అవసరం లేకపోయింది.

ఈ డబ్బు బృందం దగ్గరే ఆగేది కాదు. కాకిపడగల వారు, పటం కథల వారు తమ పటాలను చేర్యాల నకాషీ చిత్రకారులతో గీయించుకునేవారు. పదుల అడుగుల పొడవుండే ఆ పటం రంగులు వెలిసిపోతే కొత్తది రాయించుకోవడం ఆనవాయితీ. పాత పటాన్ని శాస్త్రోక్తంగా నదిలో కలిపేవారు. కథకుడికి మిరాశీ తగ్గేసరికి చిత్రకారుడికి పని తగ్గింది. చేర్యాల కళాకారులు బొమ్మలు, ముఖాకృతులు, గోడకు వేలాడదీసే చిన్న చిత్రాల వైపు మళ్లారు. ఆ చిత్రకళకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. నగరాల్లోని ఇళ్లలో ఆ బొమ్మలు అలంకారంగా నిలిచాయి. వాటిని చూపుతూ కథ చెప్పే గొంతులు మాత్రం తగ్గిపోయాయి.

మళ్లీ రావాలని కోరరాదు

అలాగని మిరాశీని బంగారు కాలంగా చిత్రించడం న్యాయం కాదు. అది కులపు నిచ్చెన మీద నిలిచిన ఏర్పాటు. ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద. ఊరి చివర గుడారం వేసుకుని, వాకిళ్ల ముందు నిలబడి అడగవలసిన స్థితి ఏ కళాకారుడికీ గౌరవప్రదం కాదు. చదువుకున్న పిల్లలు ఆ పని చేయబోమని తప్పుకున్నారంటే వారిని తప్పుపట్టలేం. చిందు కళలో మహిళలకు దక్కిన స్థానం వెనుక కూడా జోగిని వంటి దురాచారపు నీడలున్నాయి. నిజామాబాద్ ప్రాంతానికి చెందిన చిందుల ఎల్లమ్మ 2005లో కన్నుమూసే వరకు ఆ కళకు తలమానికంగా నిలిచారు. ఆమె జీవితంలో కీర్తి ఎంతో, కష్టం అంతకంటే ఎక్కువ.

మిరాశీ తగ్గిపోవడానికి పోషకుల పరిస్థితి మారడమూ కారణమే. సిరిసిల్లలో మరమగ్గాల పరిశ్రమ సంక్షోభంలో పడి నేత కార్మికులు ఆత్మహత్యలకు పాల్పడిన రోజుల్లో, తమ ఇంట్లోనే పొయ్యి వెలగని పద్మశాలీ కుటుంబం కూనపులి వారికి ఏమిస్తుంది? మల్లాపూర్, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాల నుంచి యువకులు గల్ఫ్ బాట పట్టారు. ఊళ్లో మిగిలింది వృద్ధులు, బీడీలు చుట్టే మహిళలు, చిన్నపిల్లలు. ఆటను చూసి తప్పొప్పులు చెప్పే కుల పెద్దల తరం వెళ్లిపోయింది. మల్లాపూర్ మండలంలోని ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015 డిసెంబర్‌లో మూతపడటంతో చెరకు రైతు చేతిలో గలగలలాడే డబ్బూ తగ్గింది.

ప్రభుత్వం ఏమిస్తోంది?

మిరాశీ వదిలిన ఖాళీని ప్రభుత్వ పథకాలు కొంత పూడ్చాయి. వాటిని తక్కువ చేసి చూడరాదు. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ గురు శిష్య పరంపర పథకం కింద, అంటే రెపర్టరీ గ్రాంటు కింద, గురువుకు నెలకు 15,000 రూపాయలు, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 రూపాయల వరకు గౌరవ భృతి అందజేస్తుంది. నాటక బృందంలో గరిష్ఠంగా 18 మంది శిష్యులను అనుమతిస్తారు. నెలనెలా వచ్చే సాయం కాబట్టి షరతుల్లేని నిధికి కొంత దగ్గరగా ఉన్నది ఇదొక్కటే. తరతరాలుగా కుటుంబాలే బృందాలుగా నాటకాలాడుతున్న సురభి వంటి సమాజాలకు ఇలాంటి భృతి ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక సంప్రదాయం తెరలు, సెట్టింగులు, వాటిని మోసే మనుషులు లేకుండా ఒక్క రోజు కూడా నడవదు.

ఇక ఉత్సవాలు, సదస్సులు, కొత్త ప్రదర్శనల కోసం మరో పథకం ఉంది. సాధారణంగా 5 లక్షల రూపాయల వరకు, ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల వరకు ఇస్తారు. అయితే మొత్తం ఒకేసారి రాదు. చివరి విడత లెక్కలు, ధ్రువపత్రాలు సమర్పించిన తరువాతనే విడుదలవుతుంది. అంటే బృందం ముందుగా అప్పు తెచ్చి ఖర్చు పెట్టాలి. వడ్డీ వ్యాపారి నూటికి మూడు రూపాయల లెక్కన వసూలు చేసే ఊళ్లో ఆరు నెలల ఆలస్యం ఎంత భారమో వేరే చెప్పాలా? పైగా ఆ వడ్డీని గ్రాంటు లెక్కలో చూపడానికి వీల్లేదు. భవన నిర్మాణ పథకంలో మహానగరాలు కాని చోట్ల 25 లక్షల రూపాయల వరకు సాయం పొందవచ్చు. భవనం లేచాక దాని కరెంటు బిల్లు కట్టే పద్దు మాత్రం లేదు.

వీటన్నింటికీ ఓ గడప ఉంది. సంఘం నమోదై మూడేళ్లు నిండాలి. ఆడిట్ అయిన లెక్కలుండాలి. నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో పేరు ఎక్కించాలి. ఆన్‌లైన్ దరఖాస్తు నింపాలి. గ్రాంటు ఖర్చయ్యాక వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. పల్లె బృందంలో కథ చెప్పేవారున్నారు, డోలు కొట్టేవారున్నారు, ఆంగ్లంలో ప్రాజెక్టు నివేదిక రాసేవారెవరు? ఆ పని తెలిసిన మధ్యవర్తులు పట్టణాల్లో పుట్టుకొచ్చారు. కళ తెలిసిన వారి కంటే కాగితం తెలిసిన వారికే గ్రాంట్లు దక్కుతున్నాయన్న విమర్శకు మూలం ఇక్కడే ఉంది.

రాష్ట్రం ఏర్పడిన 2014లోనే తెలంగాణ ప్రభుత్వం సాంస్కృతిక సారథిని నెలకొల్పింది. ఉద్యమంలో ఆడిపాడిన 550 మంది కళాకారులకు నెల జీతంపై కొలువులు కల్పించింది. ఒక రాష్ట్రం ఇంతమంది జానపద కళాకారులను ఉద్యోగులుగా తీసుకోవడం చిన్న విషయం కాదు. కానీ ఆ జీతం వ్యక్తికి వస్తుంది, బృందానికి కాదు. వారి ప్రధాన విధి ప్రభుత్వ పథకాలపై ప్రచారం. రాత్రంతా సాగే బీరప్ప కథకు, పావుగంటలో ముగిసే ప్రచార పాటకు తేడా ఉందిగదా!

వ్యక్తికా.. బృందానికా?

పురస్కారాల సంగతీ ఇంతే. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర వాద్యకారుడు మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. రెండేళ్లు తిరిగేసరికి, 2024 మే నెలలో, ఆయన భవన నిర్మాణ కూలీగా పనిచేస్తున్న దృశ్యాలు వెలుగులోకి వచ్చాయి. నెలనెలా వచ్చే 10,000 రూపాయల గౌరవ భృతి ఆగిపోయిందని ఆయన అప్పట్లో వాపోయారు. కోటి పెద్దదా, నెలకు పది వేలు పెద్దదా అని అడిగితే లెక్కల మాస్టారు ఒక జవాబు చెబుతారు. కళాకారుడి ఇల్లాలు మరో జవాబు చెబుతుంది.

ఈ ప్రాంతానికి వస్తే, వేములవాడ సమీపంలోని హన్మాజీపేట జ్ఞానపీఠ గ్రహీత డాక్టర్ సి.నారాయణరెడ్డి పుట్టిన ఊరు. ఒగ్గు కథకు వన్నె తెచ్చిన మిద్దె రాములుదీ అదే ఊరు. ఆయన 2010లో కన్నుమూశారు. జనగామ ప్రాంతానికి చెందిన మరో ఒగ్గు దిగ్గజం చుక్క సత్తయ్య 2017లో వెళ్లిపోయారు. ఇలాంటి ఉద్దండులకు సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు. కానీ ఒగ్గు కథ ఒక్కడు చెప్పేది కాదు. పక్కన వంత పాడేవారు, డోలు, తాళం, నపీర వాయించేవారు కలిస్తేనే కథ. శాలువా ఒకరి భుజం మీదనే పడుతుంది. వృద్ధ కళాకారులకు కేంద్రం నెలకు గరిష్ఠంగా 6,000 రూపాయల సాయం అందిస్తోంది. 60 ఏళ్లు దాటితేనే అర్హత. ఇరవై ఏళ్ల డోలు వాద్యకారుడు అరవై ఏళ్లు వచ్చే దాకా డోలు పట్టుకుని ఎలా ఉండాలన్నదే అసలు సమస్య.

ఓ లెక్క చూద్దాం..

ఇది ఏ ఒక్క బృందపు లెక్కా కాదు, విషయం అర్థం కావడానికి వేసుకున్న అంచనా మాత్రమే. ఆరుగురు సభ్యుల ఒగ్గు బృందం ఏడాదికి 40 కథలు చెప్పిందనుకుందాం. కథకు 12,000 చొప్పున 4,80,000 రూపాయలు వస్తాయి. రానుపోను ఆటో, జీపు కిరాయి కథకు 2,500 చొప్పున లక్ష పోతుంది. వాద్యాల మరమ్మతు, దుస్తులు, ఇతర ఖర్చులకు 60,000 తీసేస్తే మిగిలేది 3,20,000. ఆరుగురికి పంచితే మనిషికి ఏడాదికి 53,000 పైచిలుకు. నెలకు 4,500 కూడా పడదు. అదీ సమంగా రాదు. కొమురవెల్లి జాతర మాదిరిగానే ఒగ్గు కథలకూ సంక్రాంతి నుంచి ఉగాది వరకు, ఆపై ఎండాకాలం వరకు గిరాకీ. వానలు పడితే కథ లేదు. ఆ నాలుగు నెలల్లో ఒకరు హమాలీ పనికి, ఒకరు హైదరాబాద్‌లో కాపలా పనికి, మరొకరు దుబాయి వీసాకు వెళతారు. దుబాయి వెళ్లిన వారు మళ్లీ సంక్రాంతికి తిరిగిరారు. ఆరుగురిలో ఒకరు తగ్గితే కథ కుంటుతుంది, ఇద్దరు తగ్గితే బృందమే ఉండదు.

ఇప్పుడు ఇదే బృందానికి ఏడాదికి లక్ష రూపాయలు, మూడేళ్ల పాటు, షరతుల్లేకుండా ఇస్తామని ఒకరు ముందుకొచ్చారనుకుందాం. వాద్యాలకు 20,000. కొత్తగా నేర్చుకునే ఇద్దరు పిల్లలకు వానాకాలం నాలుగు నెలలు నెలకు 3,000 చొప్పున 24,000. సాధన చేసే గది అద్దె, దీపం, చాయ్ ఖర్చులకు 12,000. లెక్కలు రాసేవారికి, ఆడిట్‌కు 15,000. మిగిలిన 29,000 ఎవరికైనా జ్వరం వచ్చినా, కాలు విరిగినా ఆదుకోవడానికి. ఈ అంకెల్లో ఒక్కటి కూడా వార్తల్లోకి ఎక్కేది కాదు. వేదిక మీద జ్యోతి వెలిగించే సందర్భం ఒక్కటీ లేదు. దాతకు ఫొటో దొరకదు. బహుశా ఇలాంటి నిధి అరుదుగా లభించడానికి కారణం ఇదే కావచ్చు.

కంపెనీల సొమ్ము ఇటు రాదా?

2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు తమ సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ చట్టంలోని ఏడో షెడ్యూలులో సంప్రదాయ కళలు, హస్తకళల అభివృద్ధి కూడా ఉంది. దారి ఉంది గానీ నడక కష్టం. కంపెనీ తాను పనిచేసే పరిసర ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. పొరుగున పెద్దపల్లి జిల్లాలో ఎన్టీపీసీ, సింగరేణి ఉన్నాయి. చక్కెర కర్మాగారం మూతపడిన మల్లాపూర్ లాంటి చోట ఏ కంపెనీ గుర్తుకొస్తుంది? పైగా ఆ నిధులు ప్రాజెక్టుల రూపంలోనే వస్తాయి. 2021 ఏప్రిల్ నుంచి నిధులు తీసుకునే సంస్థలు కేంద్రం వద్ద ప్రత్యేకంగా నమోదు కావలసి వచ్చింది. జనం 12ఏ, 80జీ అని పిలుచుకునే పన్ను నమోదులు లేకపోతే ఆ గడప దాటలేరు.

విదేశీ నిధుల చట్టం 2020 సెప్టెంబర్ సవరణతో మరింత బిగిసింది. పరిపాలన ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. ఒక సంస్థ తీసుకున్న విదేశీ నిధిని మరో సంస్థకు పంచడాన్ని నిషేధించారు. అంతకుముందు పెద్ద సంస్థ ఒకటి నిధి తెచ్చి చిన్న బృందాలకు తలా కొంత ఇచ్చే వీలుండేది. ఆ పిల్లకాలువ మూసుకుపోయింది. నేరుగా నమోదు కావాలంటే గత మూడేళ్లలో 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. పల్లె బృందానికి అది అందని ద్రాక్షే.

కళలకే పరిమితమైన దాతృ సంస్థలు దేశంలో వేళ్ల మీద లెక్కించదగినన్ని. 1993లో బెంగళూరులో ఏర్పడిన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1995 నుంచి గ్రాంట్లు ఇస్తోంది. ఏ భారతీయ భాషలోనైనా దరఖాస్తు రాసుకోవచ్చని ఆ సంస్థ చెప్పడం తెలుగు బృందాలు గమనించవలసిన విషయం. అక్కడా ప్రధానంగా ప్రాజెక్టులకే సాయం.

నమ్మి ఇచ్చిన వారున్నారు

షరతులు పెట్టే దాతల భయాన్ని కొట్టిపారేయలేం. కాగితాల మీదనే ఉత్సవాలు జరిపిన సంఘాలున్నాయి. అద్దె కళాకారులను తెచ్చి ఫొటోలు దిగి బిల్లులు పెట్టుకున్న వారున్నారు. అయితే ఈ అక్రమాలన్నీ షరతులున్న గ్రాంట్లలోనే జరిగాయన్న సంగతి మరవరాదు. బిల్లు అడిగితే బిల్లు వస్తుంది. ఆట వచ్చిందా లేదా అన్నది బిల్లు చెప్పదు.

ఇతర రంగాల్లో, ఇతర దేశాల్లో మరో రీతిలో ఆలోచించిన వారున్నారు. అమెరికాలో మెకంజీ స్కాట్ అనే దాత 2021 జూన్‌లో 286 సంస్థలకు సుమారు 270 కోట్ల డాలర్లు ఇస్తున్నట్టు ప్రకటించారు. వాటిలో కళా సంస్థలూ ఉన్నాయి. ముందుగా విచారించి, సంస్థను నమ్మాక సొమ్ము వారి చేతిలో పెట్టడం, ఎలా వాడాలో చెప్పకపోవడం ఆమె పద్ధతి. మన దేశంలో అదే ఏడాది ఎడెల్‌గివ్ ఫౌండేషన్ మరికొందరితో కలిసి 100 క్షేత్రస్థాయి సంస్థల కోసం 100 కోట్ల రూపాయల నిధిని ప్రారంభించింది. సిబ్బంది జీతాలు, నిర్వహణ వంటి, ఎవరూ ఇవ్వని ఖర్చులకే అది ఉద్దేశించినది. పరీక్ష ముందే పెట్టడం, తరువాత చేయి వదలడం.. రెండింటిలోనూ సూత్రం ఒకటే. మన ఊళ్లలో కుల పెద్దలు చేసిందీ ఇదే.

గల్ఫ్ సొమ్ముకు అడ్డు లేదు

జగిత్యాల జిల్లాకు సంబంధించి ఎక్కువ మందికి తెలియని ముఖ్యాంశం ఒకటుంది. భారత పాస్‌పోర్టు కలిగిన ప్రవాసి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళాన్ని విదేశీ నిధిగా పరిగణించరు. దుబాయి, మస్కట్, దోహాలలో పనిచేసే మల్లాపూర్ వాసి ఊరి కళా సంఘానికి డబ్బు పంపాలంటే విదేశీ నిధుల నమోదు అక్కరలేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పంపితే మాత్రం ఆ చట్టం వర్తిస్తుంది. ఇద్దరూ ఒకే ఇంటి వారైనా చట్టం దృష్టిలో వేరు.

గల్ఫ్ నుంచి వచ్చే విరాళాలతో ఊళ్లలో గుళ్లు, కమాన్లు, కుల సంఘ భవనాలు లేచాయి. ప్రతి మెట్టు మీదా దాత పేరు చెక్కి ఉంటుంది. అది కూడా ఓ రకంగా కట్టేసిన నిధే. పేరు చెక్కడానికి రాయి కావాలి గదా! బీరప్ప గుడికి గోపురం కట్టించిన చేతులే ఆ బీరప్ప కథ చెప్పే బృందానికి ఏటా ఇంత అని మూడేళ్లకు మాట ఇస్తే, ఖర్చు గోపురంలో పదో వంతు కూడా కాదు. ఇరవై మంది కలిసి నెలకు 500 చొప్పున వేసుకుంటే ఏడాదికి 1,20,000 అవుతుంది. పైన వేసిన అంచనా లెక్క అందులో ఇమిడిపోతుంది.

బృందం వైపు నుంచి చేయవలసిన పనీ ఉంది. కనీసం ఏడుగురు సభ్యులుంటే సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘంగా నమోదు కావచ్చు. ఆరుగురి బృందమైతే వయసు మళ్లిన గురువునో, ఊరి ఉపాధ్యాయుడినో కలుపుకోవచ్చు. సంఘం పేరిట బ్యాంకు ఖాతా, రశీదు పుస్తకం, ఏటా ఆడిట్.. ఈ మూడూ ఉంటే దాత అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు. నమోదైన మూడేళ్లకు కేంద్ర పథకాల గడప కూడా అందుబాటులోకి వస్తుంది. అంటే మొదటి మూడేళ్ల షరతుల్లేని సాయమే తరువాతి భృతికి నిచ్చెన.

పంచాయతీ పద్దులో చోటుంది

రాజ్యాంగంలోని 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. వాటిలో 21వది సాంస్కృతిక కార్యకలాపాలు. 15వ ఆర్థిక సంఘం అన్‌టైడ్ నిధులను, జీతాలు, కార్యాలయ నిర్వహణ మినహా, ఈ 29 అంశాల్లో ఊరికి అవసరమైన దేనికైనా వాడుకోవచ్చని మార్గదర్శకాలు పేర్కొన్నాయి. ఆచరణలో ఆ డబ్బు ట్రాక్టరు డీజిల్‌కు, వీధి దీపాలకు, మోటార్ల మరమ్మతుకు సరిపోక కళల మాట ఎత్తే వారే లేకపోయారు. 2026 నుంచి 2031 వరకు కాలం 16వ ఆర్థిక సంఘానిది. దాని నిబంధనలతో నిమిత్తం లేకుండా ఇంటి పన్ను వంటి సొంత ఆదాయం పంచాయతీకి ఎలాగూ ఉంటుంది. బృందం సభ్యులకు జీతం ఇవ్వలేకపోయినా, ఖాళీగా ఉన్న పాత పంచాయతీ గదిని వానాకాలం నాలుగు నెలలు సాధనకు ఇవ్వవచ్చు. దాని కరెంటు బిల్లు భరించవచ్చు.

దీనికి గ్రామసభ తీర్మానం కావాలి. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల తయారీకి 2018 నుంచి ఏటా అక్టోబర్ 2న ప్రచార కార్యక్రమం ప్రారంభమవుతోంది. ఆపై జరిగే గ్రామసభల్లో మరుసటి ఆర్థిక సంవత్సరం పనుల జాబితా ఖరారవుతుంది. వచ్చే వానాకాలానికి గది తలుపు తెరుచుకోవాలంటే సంఘం తన వినతిపత్రాన్ని అంతకు ముందే, అంటే సెప్టెంబర్‌లోనే, పంచాయతీ కార్యదర్శికి అందజేసి రశీదు తీసుకోవాలి.